ముందు మన పేరు చెప్పాలి

ఖమ్మం
జూలై

సోమ్లీ,

ఫోన్ చేస్తే నీతో మాట్లాడటం కుదరదని ఉత్తరమే రాస్తున్నాను. మొన్న చేసినప్పుడు నీ వెనకాల హాస్టల్ పిల్లలంతా "ఎవరు మేడం? ఎవరు మేడం?" అని అరుస్తుంటే మన మాటలు మనకే వినపడలేదు. డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చుని లెక్చరర్ చూడకుండా చీటీలు రాసుకున్నవాళ్లం. ఇప్పుడు స్టాంపు అంటించి రాసుకుందాం, అంతే తేడా.

నాకు ప్రమోషన్ వచ్చింది. ఇన్నాళ్లూ మా సంస్థలో పిల్లల కౌన్సెలర్‌ను కదా, ఇప్పుడు ట్రైనర్‌ను చేశారు. అడవి అవతల తుపాకుల మోతకు, కాలిన ఇళ్లకు భయపడి రాష్ట్ర సరిహద్దు దాటి మన వైపు ఆశ్రయం కోసం వస్తున్న పిల్లల సంగతి, హాస్టల్ వార్డెన్‌వి, నాకంటే నీకే ఎక్కువ తెలుసు. వాళ్లకు ఇక్కడ మొదట ఎదురయ్యేది ఎవరు? వార్డెన్, నర్సు, టీచరు, కానిస్టేబుల్. ఆ పిల్లలతో ఎలా మాట్లాడాలో, ఎలా మాట్లాడకూడదో వీళ్లకు నేర్పడమే నా పని.

మొదటి ట్రైనింగ్ పోయిన వారం ఇక్కడే జరిగింది. బ్రహ్మాండంగా సాగింది. మా రెహమాన్ అన్న కుట్టు దుకాణం మూసేసి మరీ వచ్చి బ్యానర్ కట్టాడు. వచ్చిన వాళ్లందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. తర్వాతి దానికి నువ్వు రావాలి. పర్ణశాల దాటి అడవిలో ఉన్నానని సాకులు చెప్పకు, బస్సులున్నాయి.

నీ
షాకేరా


పర్ణశాల
జూలై నెలాఖరు

ట్రైనర్ షాకేరా గారికి,

మా ఊరి నర్సు సుజాత నీ ట్రైనింగ్‌కు వచ్చిందన్న సంగతి నీకు గుర్తున్నట్టు లేదు. వచ్చి నాకు మొత్తం చెప్పింది. తెర మీద బొమ్మలు మారుతుంటే వెనక వరస నిద్రపోయిందట. తుల్సీరాం అనే రైల్వే కానిస్టేబుల్ లేచి "మేడం, పోరగాండ్లను ప్రశ్నలు అడగొద్దంటున్నరు. అడగకుంటే మేం రాసేదేంది, మా సారుకు చూపెట్టేదేంది?" అని అడిగితే నువ్వు నీళ్లు తాగి తర్వాతి బొమ్మకు పోయావట. అతను టీకి పోయి మళ్లీ రాలేదట. శ్రద్ధగా విన్నారా? నాతోనే ఈ కోతలా?

సరే, నవ్వుకున్నది చాలు. నీ బొమ్మల్లో లేనిది ఒకటి అడుగుతాను, జవాబు రాయి.

నా హాస్టల్లో ఒక పిల్ల ఉంది. పేరు బీమె. పదిహేనేళ్లు ఉంటాయేమో. వానలు మొదలైనప్పుడు అవతలి నుంచి ఒక గుంపుతో నడిచి వచ్చింది. దారిలో ఎక్కడో తల్లి చెయ్యి విడిపోయింది. గుంపులోని వాళ్లు కూలిపనికి పోతూ పోతూ ఈ పిల్లను మా గేటు దగ్గర కూర్చోబెట్టి పోయారు. తెలుగు ఒక్క ముక్క రాదు, కోయ మాట్లాడుతుంది. తలుపు దగ్గరే పడుకుంటుంది. ఎవరైనా గిన్నె కింద పడేస్తే చాలు, మంచం కిందికి దూరుతుంది.

వచ్చిన ప్రతి ఆఫీసరూ అదే అడుగుతాడు. ఎందుకు వచ్చావు, ఎవరు తగలబెట్టారు, ఎంతమంది పోయారు. మా వంటమనిషి ఆదెమ్మది కోయ గూడెం కాబట్టి ఆమె ఉంటే ఆమెతో అడిగిస్తారు, లేకుంటే తెలుగులోనే అడిగి, పిల్ల తల ఊపితే రాసుకుపోతారు. ప్రతిసారీ ఆ పిల్ల ఆ రోజంతా అన్నం ముట్టదు. పైగా ఆదెమ్మ సంగతి చూడు. బీమె రెండు మాటలు అంటుంది, ఆదెమ్మ పది నిమిషాలు చెప్తుంది. మధ్యలో "నేనైతే గట్ల చెయ్యకపోదును" అని తన సలహా కూడా కలుపుతుంది.

నేనేం చెయ్యాలి? తెర మీద బొమ్మ వద్దు. రేపు పొద్దున లేచి నేనేం చెయ్యాలో రాయి.

సోమ్లి


ఖమ్మం
ఆగస్టు

సోమ్లీ,

సుజాతను నమ్ముకుని బతకడం కష్టమే. నిజమే, ట్రైనింగ్ తుస్సుమంది. తుల్సీరాం అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. నీ ఉత్తరం చదివాక ఆ బొమ్మలన్నీ పక్కన పడేశాను. నువ్వు అడిగినట్టు ఎవరూ అడగలేదు కనుక నేనూ అట్లా ఆలోచించలేదు.

రేపు పొద్దున చెయ్యాల్సింది ఇది. బీమె దగ్గరికి పోయి ముందు నీ పేరు చెప్పు. ఆమె పేరు అడిగే ముందే. నువ్వెవరివో, నీ పనేమిటో, ఈ ఇంట్లో ఏ తలుపు ఎటు పోతుందో, రాత్రి ఎవరు కాపలా ఉంటారో చెప్పు. తలుపు దగ్గర పడుకుంటే పడుకోనీ, దుప్పటి అక్కడికే పంపు. ఆమె కథ నువ్వు అడగకు, ఇంకొకరిని అడగనివ్వకు. ఒకసారి తప్పదనుకుంటే ఒక్కసారే, తెలిసిన మనిషి పక్కన ఉన్నప్పుడు. తెలియనిదానికి మాట ఇవ్వకు. "మీ అమ్మ దొరుకుతుంది" అని మాత్రం అనకు. వెతుకుతాం అను, వెతుకు.

ఆదెమ్మతో నేను చెప్పానని చెప్పు: ఆ పిల్ల రెండు మాటలంటే రెండే చెప్పాలి. మూడోది తన కడుపులోనే ఉంచుకోవాలి. కష్టమే అనుకో.

ఒక్కటి అడుగుతాను. గేటు దగ్గర కూర్చున్న పిల్ల హాస్టల్లోకి ఎట్లా వచ్చిందో నీ ఉత్తరంలో లేదు. ఏ కాగితమూ లేని పిల్లను చేర్చుకోమని నీకు ఎవరు చెప్పారు? ఆ వాక్యం దాటేశావు. నీ చేతిరాత నాకు తెలియదా, దాచేటప్పుడు అక్షరాలు చిన్నవవుతాయి.

తర్వాతి ట్రైనింగ్ కొత్తగూడెంలో. ఆదెమ్మను కూడా తీసుకురా.

షాకేరా


పర్ణశాల
అక్టోబరు

షాకేరా,

కొత్తగూడెం నుంచి వచ్చినప్పటి నుంచి ఆదెమ్మ నడకే మారింది. జీవితంలో మొదటిసారి ఒక పోలీసు తనను "అమ్మా, మీ నంబరు ఇస్తరా" అని అడిగి ఫోన్‌లో వేసుకున్నాడని గూడెం గూడెమంతా చెప్తోంది. కోయ మాట్లాడే మనిషి కావాలంటే ఎవరైనా ఎప్పుడైనా తనకు ఫోన్ చెయ్యొచ్చని హాలులో లేచి చెప్పింది చూడు, నాకు కళ్లు చెమర్చాయి.

నీ గురించి ముఖం మీద చెప్పలేదు గానీ ఇప్పుడు రాస్తున్నాను. ఈసారి నువ్వు బాగా చేశావు. తుల్సీరాంను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "సరే, మీ సారుకు ఏం రాయాలో చూద్దాం, మీరే ఆ పోరి అనుకోండి, నేను కానిస్టేబుల్‌ని" అని మొదలుపెట్టావు. మీద మీద పడి ప్రశ్నలడిగావు. అంత పెద్ద మనిషి నాలుగో ప్రశ్నకే "నాకు తెల్వదు" అన్నాడు, అయిదోదానికి తల దించుకున్నాడు. "జవాబులు తెలిసి గూడ చెప్పబుద్ధి కాలె మేడం" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నిద్రపోలేదు.

బీమె సంగతి. ఇప్పుడు తలుపు దగ్గర నుంచి మూడో మంచానికి వచ్చింది. దుర్గ అనే పిల్ల పక్కన పడుకుంటుంది. తెలుగు వస్తోంది. మొన్న బడిలో టీచరు బోర్డు మీద పదం తప్పు రాస్తే వెనక నుంచి "గది తప్పు" అందట. నవ్వడం మాత్రం ఒక్కసారే చూశాను. ఆదెమ్మ రెండు మాటలకు రెండే చెప్పి, మూడోది చెప్పకుండా ఉండలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నప్పుడు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలి కదా. చేర్చుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. వానలో తడుస్తూ ఉంటే గేటు తీశాను. కాగితాలు తర్వాత చూద్దామనుకున్నాను. పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా బయటి పిల్లను ఉంచుకున్నందుకు నా మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పాలట. జవాబు రాశాను, ఇంకా ఏమీ తేలలేదు. ఉద్యోగం పోతే పోనీ అని రాయాలనుంది గానీ నిజం అది కాదు. నాకు ఈ ఉద్యోగం కావాలి. ఆ పిల్ల కూడా కావాలి.

సోమ్లి


పర్ణశాల
జనవరి

షాకేరా,

తొందరలో రాస్తున్నాను, ఫోన్ కలవడం లేదు, బస్సుకు ఇచ్చి పంపాలి.

నిన్న కోటేష్ అనే మేస్త్రీ వచ్చాడు. మిర్చి కోతలకు కూలీలను తీసుకుపోయేవాడు. బీమెకు మేనమామనని, తీసుకుపోతానని అన్నాడు. రుజువేదీ అంటే నవ్వాడు. "మేనకోడలికి రుజువేంది మేడం" అన్నాడు. బాలల సంక్షేమ కమిటీ ముందుకు రమ్మని పంపేశాను. కానీ పోతూ పోతూ గేటు దగ్గర బీమెతో కోయలో ఏదో అన్నాడు. ఆదెమ్మ పరుగెత్తేలోపే వెళ్లిపోయాడు.

రాత్రి ఆదెమ్మ పక్కన కూర్చుంటే బీమె చెప్పింది. వాళ్ల అమ్మ తిరుమలాయపాలెం మిర్చి చేలల్లో పని చేస్తోందట. తనను అక్కడికి తీసుకుపోతానన్నాడట. నేను అబద్ధమని చెప్పలేను, నిజమని చెప్పలేను. "నేనే తీసుకుపోతా, ఆదివారం వరకు ఆగు" అన్నాను. సరేనంది. ఆ సరే నాకు నచ్చలేదు. ఏం చెయ్యను? జల్దీ చెప్పు.

సోమ్లి


కొత్తగూడెం
జనవరి

సోమ్లీ,

నీ ఉత్తరం నా చేతికి అందేలోపే బీమె హాస్టల్ నుంచి వెళ్లిపోయింది, తిరిగి దొరికింది కూడా. పిల్ల దొరికిందని ఫోన్‌లో నీకు చెప్పగానే నువ్వు ఏడుపు మొదలుపెట్టావు, తర్వాత నేను చెప్పినదేదీ విన్నట్టు లేదు. అందుకే ఇక్కడే, కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని మొత్తం రాస్తున్నాను. బీమె నా పక్కనే ఉంది. పల్లీలు వలుచుకు తింటోంది. సాయంత్రం నీ దగ్గరికి తీసుకొస్తాను, అప్పుడు చదువుకో.

పొద్దున ప్లాట్‌ఫారం మీద కూలీల గుంపు ఒకటి బండి కోసం కూర్చుంది. తుల్సీరాం డ్యూటీలో ఉన్నాడు. గుంపులో ఒక పిల్ల మాత్రం అందరికీ ఎడంగా, స్కూలు చున్నీని మూటలా చుట్టుకుని కూర్చుందట. ఆ బండి తిరుమలాయపాలేనికి పోయేది కాదు. టికెట్లన్నీ ఒక్క మనిషి జేబులో ఉన్నాయి. వాడే కోటేష్.

ఆర్నెల్ల కిందటి తుల్సీరాం అయితే లాఠీ ఊపుకుంటూ పోయి "ఏయ్, ఏ ఊరు? ఎవరు ఈయన?" అని ఉండేవాడినని తనే చెప్పాడు. వాడు మేనమామనని చెప్పేవాడు, ఆ పిల్ల వాడి కళ్లు చూసి అవునని ఉండేది, బండి పోయేది.

ఈసారి టోపీ తీసి పక్కన పెట్టాడు. కొంచెం దూరంలో కింద కూర్చున్నాడు. "అమ్మా, నా పేరు తుల్సీరాం. నేను ఈ స్టేషన్‌ల పోలీసును. నిన్ను కొట్టను, తిట్టను. నువ్వు తప్పు చేసినవని రాలె. నువ్వు యాడికి పోవాలనుకుంటే గాడికి మంచిగ చేరాలని అడుగుతున్న" అన్నాడు. బీమెకు తెలుగు వచ్చు కదా, అయినా నోట మాట రాలేదు. భయమేసినప్పుడు కొత్తగా నేర్చుకున్న భాషే ముందు పోతుంది, మనం ట్రైనింగ్‌లో చెప్పుకున్నదే.

కోటేష్ ముందుకొచ్చి "దానికి మాటలు రావు సారూ, నన్నడుగుండ్రి" అన్నాడట. తుల్సీరాం నవ్వుతూ "నిన్ను గూడ అడుగుతం అన్నా, గా రూంల కూసో, చాయ్ తాగు" అని తోటి కానిస్టేబుల్‌కు అప్పగించాడు. తర్వాత ఫోన్ తీసి ఆదెమ్మకు కలిపి, ఆ బండి ఎటు పోతుందో మాత్రం చెప్పి, బీమె చేతికి ఇచ్చేసి నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

అక్కడ ఆదెమ్మ ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఇక్కడ బీమె మాత్రం ఫోన్ చెవికి పెట్టుకుని పెద్దగా ఏడ్చిందట. ఏడ్చి, లేచి, తుల్సీరాం దగ్గరికి వచ్చి తెలుగులోనే "అమ్మ కాడికి కాదు. ఈ బండి అమ్మ కాడికి కాదు" అంది. బండి వచ్చింది, పోయింది. బీమెతో పాటు ఆ గుంపులో ఇంకో ఇద్దరు చిన్న వయసు పిల్లలున్నారని తేలింది. ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. కోటేష్ ఠాణాలో ఉన్నాడు.

ఫోన్ రాగానే బయల్దేరి నేను వచ్చేసరికి తుల్సీరాం ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. "మేడం, ఒక్క ప్రశ్న గూడ అడగలె. అయినా కేసు రాసిన. చూడుండ్రి, ఎంత రాసిననో" అని కాగితాలు చూపించాడు. నాకూ పల్లీలు కొనిచ్చాడు.

షాకేరా


పర్ణశాల
ఫిబ్రవరి

షాకేరా,

ముందు ఆదివారం సంగతి. మాట ఇచ్చాను కాబట్టి బీమెను తిరుమలాయపాలెం తీసుకుపోయాను. సుజాత కూడా వచ్చింది. ఎర్రగా ఆరబోసిన మిర్చి కల్లాల మధ్య, కోతకు వచ్చినవాళ్లు వేసుకున్న ప్రతి గుడారం దగ్గరికీ పోయి అడిగాం. వాళ్ల అమ్మ లేదు. ఎవరూ చూడలేదు. బీమె ఎక్కడ కూలబడిపోతుందోనని నేను, సుజాత చెరో పక్క నడిచాం. తిరిగి బస్సెక్కాక ఆ పిల్లే అంది, "నేను చూసిన మేడం. ఈడ లేదు. ఇగ ఎవరొచ్చి ఉన్నదన్నా వాని ఎంట పోను. మీరు చూస్తనే ఉంటరు కదా?" అవ్, చూస్తూనే ఉంటామన్నాను. ఇది నేను ఇవ్వగల మాటే.

నిన్న కమిటీ ముందుకు పోయాం. బీమెను ఇక్కడ ఉంచాలా, ఆమె రాష్ట్రంలోని ఏదో హోమ్‌కు పంపాలా అన్నది తేల్చాలి. బల్లకు అటు పక్క ముగ్గురు, ఇటు పక్క బీమె, ఆదెమ్మ, నేను. వెనక తుల్సీరాం, సుజాత. అధ్యక్షురాలు పెద్దావిడ, మంచి మనిషే. మెల్లగానే అడిగారు, "మీ ఊళ్లో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమ్మా" అని.

లేచి అడ్డుపడదామని కుర్చీ జరిపాను. బీమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

కోయలో మాట్లాడింది. తల దించలేదు. ఆదెమ్మ ఒక్కో మాట వినడం, ఒక్కో మాట చెప్పడం.

"అది చెప్పను. చెప్తే మళ్ల అక్కడికే పోతా. నాకు ఏం కావాల్నో అడగండి. గది చెప్తా."

అధ్యక్షురాలు రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు. తర్వాత, "నా పేరు సరోజిని. ఏం కావాలి నీకు?" అని అడిగారు.

బడి కావాలంది. ఆదెమ్మ ఉన్న చోటే ఉండాలంది, తన భాష వినపడాలి కనుక. అమ్మను వెతకడం ఆపొద్దంది. వార్డెన్ మేడంను గేటు తీసినందుకు తిట్టొద్దంది. అది విని నేను పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఆదెమ్మ మాత్రం, షాకేరా, నమ్ము, ఒక్క మాట కలపలేదు. అంతా అయిపోయి వరండాలోకి వచ్చాక మాత్రం ఆగలేక గంటసేపు మాట్లాడింది.

ఉత్తర్వు ఇచ్చారు. బీమె ఇక్కడే ఉంటుంది, బడిలో పేరు ఎక్కుతుంది. సరిహద్దు దాటి ఒంటరిగా వచ్చే పిల్లలను కాగితాల కోసం గేటు బయట నిలబెట్టకూడదని, ముందు లోపలికి తీసుకుని తర్వాత తమకు తెలియజేయాలని కూడా అందులోనే రాశారు. నా మెమో ఇవాళ పొద్దున వెనక్కి తీసుకున్నారు. హాస్టల్లో రాత్రికి పాయసం.

సోమ్లి


భద్రాచలం
జూలై

సోమ్లీ,

కొత్త పిల్లల అడ్మిషన్లని నువ్వు రాలేకపోయావు. ఎంత పోగొట్టుకున్నావో విను.

ఇంతమంది వచ్చిన ట్రైనింగ్ ఇదే. వార్డెన్లు, నర్సులు, టీచర్లు, పోలీసులు, హాలు నిండిపోయింది. మొదటి క్లాసు బీమెది. ఎనిమిదో తరగతి యూనిఫారంలో, నూనె పెట్టి బిగించి దువ్విన జడలతో స్టేజీ మీదికి ఎక్కింది. "నేను మాట్లాడత, మీరు ఇనుండ్రి" అంది తెలుగులో. అంతే, తర్వాత అంతా కోయలోనే. గట్టిగా, వేగంగా, ఆఫీసరులా వేలు చూపిస్తూ. ఒక కాగితం ఎత్తి చూపించింది. తలుపు వైపు చూపించింది. చివర్లో గొంతు పెంచి ఏదో అడిగింది. హాలులో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరస తల ఊపింది. వాళ్లను చూసి వెనక వరసల్లో అందరూ ఊపారు.

అప్పుడు ఆదెమ్మ లేచింది. "ఆ పిల్ల ఏమన్నదంటే, మీ అందరినీ ఇప్పుడే బస్సెక్కించి, మీకు పేరు తెల్వని ఊరికి పంపుత. ఫోన్లు ఈడనే పెట్టాలె. ఇంటోళ్లకు చెప్పేది లేదు. మీకు ఇష్టమేనా అని అడిగింది. మీరు అవ్ అన్నరు."

కొందరు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నేను గూడ గట్లనే తల ఊపిన," అంది బీమె. "మీరు ఏమడిగినా ఊపిన. మీరు రాసుకుని పోయిన్రు."

ఒక పెద్ద పోలీసాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు వెనక నుంచి తుల్సీరాం లేచాడు. "అమ్మా, 'నాకు అర్థం కాలె' అని మీ భాషల ఎట్లంటరో నేర్పు. నేర్పి మళ్ల అడుగు. ఈసారి చూడు" అన్నాడు.

బీమె నేర్పింది. ఒకసారి, రెండుసార్లు. నోరు తిరగని వాళ్లను విడివిడిగా లేపి మరీ పలికించింది. టీచర్లనే టీచరు లేపినట్టు. ఆ తర్వాత నడుము మీద చెయ్యి పెట్టుకుని, అదే కోపంతో, అదే ప్రశ్న మళ్లీ అడిగింది.

సోమ్లీ, హాలు హాలంతా లేచి నిలబడి, పోలీసులు, నర్సులు, వార్డెన్లు, అందరూ ఒక్క గొంతుతో, బయట రోడ్డు మీద ఆటోవాళ్లు తొంగి చూసేంత గట్టిగా, కోయ భాషలో "నాకు అర్థం కాలేదు" అని అరిచారు. అర్థం కాలేదన్న మాటను మనుషులు అంత సంతోషంగా అనడం నేనెప్పుడూ వినలేదు. బీమె స్టేజీ మీద పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఈ ఉత్తరం ఇవాళ్టి బస్సుకు, బీమెను, ఆదెమ్మను రేపు పొద్దుటి బస్సుకు పంపిస్తున్నాను, గేటు దగ్గర ఉండు.

షాకేరా